మిల్పిటాస్ లైన్లు, పేరు లేని బోర్డులు

1990ల నాటి రూటరో వర్క్‌స్టేషనో పాత సామాన్ల కొట్లో ఎక్కడైనా కనబడితే మూత విప్పి చూడండి. పెట్టె మీద సిస్కో అనో, సన్ అనో, హెచ్‌పీ అనో ఉంటుంది. లోపలి ఆకుపచ్చ బోర్డు మీదా అదే పేరు. ఆ బోర్డు మీద వందల పార్టులు పేర్చి, టంకం పెట్టి, పరీక్షించి పంపినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మహా అయితే ఒక మూల బార్‌కోడ్ చీటీ, దాని పక్కన ఇన్‌స్పెక్టర్ వేసిన చిన్న ముద్ర. అలా పేరు లేకుండా బోర్డులు చేసిపెట్టిన కంపెనీల్లో ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దది సొలెక్ట్రాన్. కాలిఫోర్నియాలో మిల్పిటాస్ ఊరు, జిబ్రాల్టర్ డ్రైవ్ అనే వీధి. ఈ రోజు మిల్పిటాస్ అంటే మనవాళ్లకు ఫ్రీమాంట్ పక్క ఊరు, ఇళ్ల అద్దెలు, ఇండియన్ కొట్లు. 30 ఏళ్లు నడిచిన ఆ లైన్ల సంగతి తలచుకునేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాయాలనిపించింది.

సొలెక్ట్రాన్‌ను 1977లో రాయ్ కుసుమోటో అనే ఆయన మొదలుపెట్టారు. సోలార్, ఎలక్ట్రానిక్స్ అనే రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. సౌరశక్తి పరికరాల కంట్రోలర్లు చేయాలనేది మొదటి ఆలోచన. కడుపు నింపింది మాత్రం పక్క కంపెనీల బోర్డులు. అప్పటి సిలికాన్ వ్యాలీలో అది కొత్త పనేమీ కాదు. 1969లో జో మెకెంజీ, బార్బరా ఆన్ మెకెంజీ దంపతులు పెట్టిన ఫ్లెక్స్‌ట్రానిక్స్ కూడా అలాగే మొదలైంది. పెద్ద కంపెనీల దగ్గర పని ఎక్కువైనప్పుడు ఖాళీ బోర్డులు, పార్టులు తెచ్చుకోవడం, చేత్తో గుచ్చి టంకం పెట్టి తిరిగి ఇచ్చేయడం. దాన్ని ‘బోర్డ్ స్టఫింగ్’ అనేవారు. ఆ మాటలో గౌరవం తక్కువ, కూలి ఇంకా తక్కువ.

ఈ వ్యాపారం అర్థం కావాలంటే దర్జీని తలచుకుంటే చాలు. గుడ్డ మనం తీసుకెళ్లి ఇస్తే దర్జీ కుట్టి ఇస్తాడు, కుట్టుకూలి తీసుకుంటాడు. గుడ్డ తక్కువైతే, రంగు వెలిస్తే నష్టం మనది. ఇక్కడ దీనికి కన్‌సైన్‌మెంట్ అని పేరు. పార్టులన్నీ కస్టమరే కొని, లెక్కపెట్టి, సంచుల్లో పంపుతాడు. రెండో పద్ధతిలో గుడ్డ, దారం, గుండీలు, అన్నీ దర్జీయే కొని చొక్కా ఒకేసారి అప్పజెబుతాడు. దీనికి టర్న్‌కీ అని పేరు. లాభం కొంచెం పెరుగుతుంది, చేతిలో పడే బిల్లు చాలా పెరుగుతుంది, కొన్న గుడ్డ మిగిలిపోయే భయం కూడా దర్జీ నెత్తినే పడుతుంది. సొలెక్ట్రాన్ ఎదుగుదల, పతనం రెండూ ఈ రెండో పద్ధతిలోనే ఉన్నాయి.

ముందు ఆ కాలపు లైన్ ఎలా ఉండేదో చెప్పాలి. 80ల మొదట్లో బోర్డు అంటే రంధ్రాల బోర్డు. బల్లకు అటూ ఇటూ ఆడవాళ్లు వరసగా కూర్చునేవారు. ఎక్కువమంది వియత్నాం, ఫిలిప్పీన్స్, మెక్సికో, చైనా నుంచి వచ్చినవాళ్లు. ఒక్కొక్కరి ముందు డబ్బాలు, డబ్బాకో పార్టు. ఎవరి వంతు పార్టులు వాళ్లు గుచ్చి బోర్డును పక్కకు జరపాలి. ఇన్ని భాషల మనుషులున్నచోట కాగితం మీద ఇంగ్లీషులో రాసిన సూచన పనికిరాదు. అందుకే బోర్డు బొమ్మ వేసి, ఎవరు గుచ్చాల్సిన చోటు వాళ్లకు రంగు పెన్సిలుతో నింపి బల్ల ముందు తగిలించేవారు. డయోడ్ గీత ఏ వైపు, కెపాసిటర్ ప్లస్ కాలు ఏ రంధ్రంలో అన్నది బొమ్మలోనే తేలిపోవాలి. తిరగేసి గుచ్చిన టాంటలమ్ కెపాసిటర్ కరెంటు ఇవ్వగానే పేలి మండేది. ఆ ఒక్క తప్పుకు బొమ్మలో పెట్టినంత ఎర్రరంగు మరి దేనికీ పెట్టేవారు కాదు.

అక్కణ్ణుంచి బోర్డు వేవ్ యంత్రానికి వెళ్లేది. అక్కడ నిలబడ్డవాళ్లు ఆ వాసన మరిచిపోవడం కష్టం. టంకం బాగా అంటుకోవడానికి ముందుగా పూసే రోజిన్ ఫ్లక్స్ అంటే పైన్ చెట్టు బంకే, వేడి తగిలితే నిప్పుల్లో గుగ్గిలం వేసినట్టుండేది. కన్వేయర్ గోళ్ల మధ్య బోర్డును 5 నుంచి 7 డిగ్రీల వాలులో పట్టుకుని తీసుకెళ్తుంది. ముందు ఫ్లక్స్ నురగ, తర్వాత హీటర్లు, ఆ తర్వాత కరిగిన టంకం అలలా పైకి పొంగే తొట్టి. తొట్టిలో 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. ఆ పాళ్లలోనే ఎందుకంటే, ఆ మిశ్రమం 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గడ్డకడుతుంది. మధ్యలో జావలా ఉండే దశ లేదు. కాబట్టి చల్లబడేటప్పుడు బోర్డు కదిలినా అతుకు చెడే అవకాశం తక్కువ. తొట్టి వేడి 250 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. బోర్డు అడుగు ఆ అలను తాకేది 2 నుంచి 4 సెకన్లే.

ఆ కొద్ది సెకన్లలో ఎన్ని పాడవచ్చో అన్నీ పాడయ్యేవి. హీటర్లు తక్కువగా ఉండి బోర్డు పై ముఖం 100 డిగ్రీలు దాటకపోతే ఫ్లక్స్‌లోని ద్రవం ఆరదు, అలను తాకగానే చిటపటమని గుండ్లు ఎగురుతాయి. రంధ్రం మధ్య నుంచి బుడగ పగిలి, అతుకులో సూదిమొన కన్నం కనిపిస్తే అది టంకం తప్పు కాదు. బోర్డులోనే తేమ ఉంది, లేదా రంధ్రం లోపలి రాగిపూత పలచగా ఉంది. పక్కపక్క కాళ్లు కలిసిపోతే బ్రిడ్జ్. కనెక్టరు కాళ్ల వరసలో చివరి రెండు కాళ్ల మధ్య అది ఎక్కువ. టంకం సూదిలా వేలాడితే ఫ్లక్స్ చాలలేదని అర్థం. ఎత్తైన పార్టు నీడలో పొట్టి పార్టు ఉంటే అల దాన్ని తాకకుండానే దాటిపోతుంది. ఇంకో సంగతి, పార్టుల కాళ్ల నుంచి, బోర్డు నుంచి రాగి కొద్దికొద్దిగా తొట్టిలో కరుగుతూ ఉంటుంది. అది 0.3 శాతం దాటిందంటే టంకం ఇసక కలిసినట్టు గరగరలాడి, అతుకుల మెరుపు పోతుంది. అందుకే తొట్టిలోంచి గరిటెడు తీసి ల్యాబుకు పంపడం క్రమం తప్పకూడని పని. తొట్టి పైన తేలే తెట్టును షిఫ్టుషిఫ్టుకీ తీసేవాళ్ల చేతిపని మీదే ఆ రోజు ఫలితం సగం ఆధారపడేది.

టంకం అయ్యాక కడగడం. ఫ్లక్స్ జిగట మిగిలితే కొన్నాళ్లకు తేమ పట్టి కాళ్ల మధ్య కరెంటు కారుతుంది. దాన్ని పోగొట్టడానికి ఫ్రియాన్ అనే ద్రావణి ఆవిరిలో ముంచేవారు. క్షణాల్లో ఆరిపోయేది, మరక మిగలదు. కడగడానికి దానికి సాటి మళ్లీ రాలేదు. కాని అది ఓజోన్ పొరకు చేటు. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత 1995 చివరికల్లా అమెరికాలో దాని తయారీ ఆగిపోవాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలన్నీ నీటితో కడిగే ఫ్లక్స్‌కో, అసలు కడగనక్కర్లేని ఫ్లక్స్‌కో మారాయి. ఆ మార్పు జరిగిన ఏళ్లలో బోర్డు మీద తెల్లటి బూజులాంటి మచ్చ ఎక్కడ కనబడినా కస్టమర్ ఫోన్ మోగేది. ఆ మచ్చ హాని చేసేదా కాదా అని తేల్చడానికి గంటల తరబడి వాదన.

ఐబీఎమ్ నుంచి వచ్చిన విన్‌స్టన్ చెన్ 1978లో చేరాక సొలెక్ట్రాన్ నడక మారింది. కూలిపని కంపెనీకి కూడా పద్ధతి ఉండాలని ఆయన పట్టుబట్టారు. లాభనష్టాల లెక్క మూడు నెలలకో నెలకో కాకుండా వారం వారం చూడాలన్నారు. అది కూడా మొత్తం కంపెనీకి కలిపి కాదు, ఏ విభాగానికి ఆ విభాగానికే. 1988లో, అదీ ఐబీఎమ్ నుంచే, తర్వాత కంపెనీ పగ్గాలు పట్టిన కోయిచీ నిషిమురా వచ్చారు. 1989లో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 1991లో అమెరికా ప్రభుత్వపు మాల్కమ్ బాల్డ్రిజ్ నాణ్యతా పురస్కారం, 1997లో మళ్లీ అదే. తయారీ రంగంలో దాన్ని రెండోసారి గెలిచిన మొదటి కంపెనీ అదే.

ఆ పురస్కారం వెనుక ఉన్న పనిముట్టు ఎంత సాదాదో చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి కస్టమరూ వారానికొకసారి సొలెక్ట్రాన్‌కు మార్కులు వేయాలి. నాణ్యతకు ఒకటి, చెప్పిన రోజుకు సరుకు అందిందా లేదా అన్నదానికి ఒకటి, మాటామంచీకి ఒకటి, సేవకు ఒకటి. బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డు లాగే ఎ, బి, సి, డి. గడుసుతనమంతా ఆ అక్షరాలను అంకెల్లోకి మార్చడంలో ఉంది. ఎ వస్తే 100. సి వస్తే సున్నా. డి వస్తే మైనస్ 100. అంటే ఒక్క డి గ్రేడు పడితే ఇంకో కస్టమర్ ఇచ్చిన మంచి ఎ మొత్తం కొట్టుకుపోతుంది. ‘పర్వాలేదు’ అనే మాటకు ఆ లెక్కలో విలువే లేదు. పొద్దున్నే ఏడున్నరకు పెట్టే సమావేశాల్లో ఆ అంకెలు అందరి ముందూ తెర మీద పడేవి. సి పడ్డ లైన్ మేనేజరు కారణం చెప్పి, ఏ తేదీకి సరిచేస్తాడో కూడా అక్కడే చెప్పాలి. ఇప్పుడు ఎన్నో కంపెనీల్లో డ్యాష్‌బోర్డులు చూస్తుంటాం, రంగులు మారుతుంటాయి. సున్నాకూ నూరుకూ మధ్య అంత దూరం పెట్టే ధైర్యం మాత్రం అరుదు.

90లలో లైన్ రూపమే మారింది. రంధ్రాలు పోయి, పార్టులు బోర్డు ముఖం మీదే కూర్చునే ఎస్‌ఎమ్‌టీ వచ్చింది. గుచ్చే చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఒక్కో లైన్‌కూ పెట్టుబడి లక్షల డాలర్లకు చేరింది, పెద్ద కంపెనీలు సొంత ఫ్యాక్టరీలు అమ్ముకోవడానికి అది ఒక ముఖ్య కారణం. ఐబీఎమ్ తన ఫ్రాన్స్‌లోని బోర్డో నగరపు ప్లాంటును, అమెరికాలోని షార్లెట్ పనిని 1992లో సొలెక్ట్రాన్‌కే అప్పజెప్పింది. మలేసియాలో పెనాంగ్, తర్వాత చైనాలో సుజౌ, మెక్సికోలో గ్వాడలహారా. బెంగళూరులో మల్లవరపు అప్పారావు నెలకొల్పిన సెంటమ్ ఎలక్ట్రానిక్స్‌తో కలిసి సొలెక్ట్రాన్ సెంటమ్ అనే పేరుతోనూ ఒక ఫ్యాక్టరీ నడిచింది. ఈ చరిత్రలో మనకు దగ్గరగా వచ్చే మొదటి పేరు అదే.

ఎస్‌ఎమ్‌టీ లైన్‌లో అసలు యుద్ధం మొదటి యంత్రం దగ్గరే. టంకం పొడిని ఫ్లక్స్‌తో కలిపి ముద్దచేసిన పేస్టును, రంధ్రాలు కోసిన స్టీలు రేకు పెట్టి బోర్డు మీద అచ్చు వేయాలి. ఇంటి ముందు చిల్లుల గొట్టంతో ముగ్గు వేసినట్టే, కాకపోతే ఇక్కడ రంధ్రం వెడల్పు వెంట్రుక లెక్కల్లో. రేకు మందం 0.125 నుంచి 0.15 మిల్లీమీటర్లు. పేస్టులోని గుండ్లు 25 నుంచి 45 మైక్రాన్లు. బరువు తూచితే పేస్టులో 90 శాతం లోహమే, కొలత పాత్రలో చూస్తే సగమే. అంటే అచ్చు పడ్డ ముద్ద కరిగాక సగానికి తగ్గుతుంది. ఇది లెక్కలో పెట్టుకోని డిజైనరు కోయించిన రేకుతో అతుకులన్నీ బక్కచిక్కుతాయి. రేకు రంధ్రం చిన్నదై, రేకు మందమైతే పేస్టు బోర్డుకు అంటుకోకుండా రంధ్రం గోడలకే అతుక్కుపోతుంది. రంధ్రం నోటి వైశాల్యాన్ని దాని గోడల వైశాల్యంతో భాగిస్తే కనీసం 0.66 రావాలన్నది లైన్ మీద అందరి నోటా ఉండే అంకె.

పేస్టును ఫ్రిజ్‌లో పెడతారు. అందులోంచి తీసిన 500 గ్రాముల డబ్బా మూత వెంటనే తెరవకూడదు. నాలుగు గంటలు అలా బయట ఉంచాలి. తొందరపడి తెరిస్తే చల్లటి పేస్టు మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. ఆ తేమ కంటికి కనబడదు. రెండు గంటల తర్వాత ఓవెన్‌లో ఆవిరై ఎగిరి, చిప్‌ల కింద చిన్న చిన్న టంకం గుండ్లుగా తేలుతుంది. తప్పు జరిగింది పొద్దున ఆరింటికి, కనబడింది పదింటికి, ఈలోగా లైన్ మీద వందల బోర్డులు దాటిపోయాయి. అందుకే డబ్బా మీద చీటీ అంటిస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన టైము, మూత తెరిచిన టైము, పారేయాల్సిన టైము. ఆ మూడు అంకెలు రాయని డబ్బాను ముట్టుకోని ఆపరేటరే నిజమైన ఆపరేటరు. లోపాల్లో సగానికి పైగా ఈ అచ్చు దగ్గరే పుడతాయని పాతకాపులంతా అంటారు, ఆ మాట నిజం.

తర్వాత పార్టులు పేర్చే యంత్రాలు. చిన్న రెసిస్టర్లు, కెపాసిటర్లు చిప్ షూటర్ పని. ఫ్యూజీ, పానసోనిక్ యంత్రాలు సెకనుకు పది దాకా పెట్టేవి, చప్పుడు కుట్టుమిషను లాగే. పెద్ద ఐసీలకు, అంటే చాలా కాళ్లున్న చిప్‌లకు, నెమ్మదైన ఇంకో యంత్రం. పార్టులన్నీ రీళ్ల మీద వస్తాయి. ఏడంగుళాల రీలులో 0603 అనే సైజు రెసిస్టర్లు 5,000, టేపు విప్పితే 20 మీటర్లు. రీలు అయిపోగానే ఆపరేటరు ఇంకో రీలు తగిలిస్తాడు. తప్పు జరిగేది సరిగ్గా అక్కడ. 10 కిలోఓమ్‌ల చోట 1 కిలోఓమ్ రీలు పడిందంటే రెండూ చూడటానికి ఒకేలా నల్లటి గింజలే. అందుకే రీలు మార్చినప్పుడల్లా రెండో మనిషి వచ్చి చీటీ చదవాలి, ఒక పార్టు తీసి మీటరుతో కొలవాలి. తర్వాత్తర్వాత బార్‌కోడ్ సరిపోలకపోతే యంత్రమే కదలని ఏర్పాటు వచ్చింది. అయినా రీలుకు తప్పు చీటీ అంటించి పంపిన సరఫరాదారు ముందు బార్‌కోడ్ కూడా ఏమీ చేయలేదు. మీటరుతో కొలిచే అలవాటు మానకూడదనేది అందుకే.

ఓవెన్‌లో ఆరేడు గదులు, ఒక్కో గదికి ఒక్కో వేడి. మొదట సెకనుకు 3 డిగ్రీలకు మించకుండా ఎక్కాలి, 150 నుంచి 180 మధ్య కాసేపు నిలవాలి, 183 దాటి ఒక నిమిషం అటూ ఇటూగా ఉండాలి, శిఖరం 205 నుంచి 225. కొత్త బోర్డు వస్తే దానికి నాలుగైదు చోట్ల వేడి కొలిచే థర్మోకపుల్ తీగలు అంటించి ఓవెన్‌లోంచి పంపి గీత చూస్తారు. బరువైన రాగి పొరలున్న మూల, పలచటి మూల ఒకేలా వేడెక్కవు. ఒక చిన్న కెపాసిటర్‌కు ఒక కొస ముందు కరిగి, రెండో కొస ఇంకా కరగకపోతే ముందు కరిగిన టంకం దాన్ని లాగి నిటారుగా నిలబెట్టేస్తుంది. లైన్ మీద దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు, సమాధి రాయిలా నిలబడుతుందని. కారణం చాలాసార్లు ఓవెన్‌లో ఉండదు, బోర్డు గీసిన మనిషి ఒక వైపు సన్న తీగ, రెండో వైపు రాగి మైదానం ఇవ్వడంలో ఉంటుంది.

ఐసీలతో ఇంకో చిక్కు. ప్లాస్టిక్ ఒళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఓవెన్ వేడికి ఆ తేమ ఆవిరై లోపల పొరలు విడిపోతాయి, కొన్నిసార్లు పేలాలు వేగినట్టు టప్ మంటుంది. అందుకే అవి గాలి చొరని వెండిరంగు సంచుల్లో వస్తాయి. సంచి కోసిన క్షణం నుంచి గడియారం మొదలు. తేమ పీల్చే గుణాన్ని బట్టి ఇచ్చే స్థాయిల్లో మూడో స్థాయి పార్టుకు 168 గంటలు, అంటే వారం. అది దాటితే 125 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ కాల్చి తేమ పోగొట్టాలి. ఇక్కడే కొత్తవాళ్లు కొంప ముంచుతారు. టేపు మీద ఉన్న పార్టును రీలుతో సహా 125 దగ్గర పెడితే ప్లాస్టిక్ రీలు అప్పడంలా వంకరపోతుంది. రీలుతో కాల్చాలంటే 40 డిగ్రీల దగ్గర రోజులకు రోజులు పెట్టాలి. ట్రేలో ఉన్నవైతే ట్రే అంచున అచ్చు వేసిన ఉష్ణోగ్రత చదివాకే లోపల పెట్టాలి.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. బోర్డులో 1,000 అతుకులున్నాయనుకోండి. పది లక్షల అతుకులకు 100 మాత్రమే చెడుతున్నాయంటే వినడానికి గొప్పగా ఉంటుంది. కాని నూరు బోర్డులు చేస్తే పది దాకా మొదటిసారి పరీక్షలో తప్పుతాయి. తప్పిన ప్రతి బోర్డునూ మేకుల పాన్పులాంటి ఫిక్స్‌చర్ ఉన్న హెచ్‌పీ 3070 టెస్టర్ మీద చూడాలి, టెక్నీషియన్ వెతకాలి, సరిచేయాలి, మళ్లీ పరీక్షించాలి. అదే పది లక్షలకు 10కి దించితే నూటికి ఒక్క బోర్డే తప్పుతుంది. డబ్బు లెక్క ఇంకా కఠినం. 100 డాలర్ల బోర్డులో ఎనభైకి తగ్గకుండా పార్టుల ఖరీదే. జీతాలు, యంత్రాలు, అద్దె పోగా చివరికి చేతిలో రెండున్నర డాలర్లు మిగిలాయనుకుందాం. బాగుచేయలేక ఒక బోర్డు పారేస్తే 40 మంచి బోర్డుల లాభం దాంతోనే పోయింది.

అందుకే ఈ ఫ్యాక్టరీల్లో గుండెకాయ లైన్ కాదు, స్టోరు. 400 రకాల పార్టులున్న బోర్డులో 399 వచ్చి, రెండు సెంట్ల రెసిస్టర్ ఒకటి రాకపోతే రెండు వేల డాలర్ల బోర్డు ఆగిపోతుంది. 399 రకాల మీద పెట్టిన డబ్బు కూడా దాంతో పాటు షెల్ఫ్ మీదే కూర్చుంటుంది. కస్టమర్ మధ్యలో డిజైన్ మార్చితే కొత్త రివిజన్. పాత రివిజన్ పార్టులు ఎన్ని మిగిలాయి, దారిలో ఎన్ని ఉన్నాయి, వాటి డబ్బు ఎవరిది అని ఆ రోజే కాగితం మీద తేల్చుకోవాలి. వాయిదా వేస్తే తర్వాత ఎవరూ ఒప్పుకోరు. కొన్ని పార్టులకు ఆర్డరు ఇచ్చాక రద్దు లేదు, వాపసు లేదు. కస్టమర్ ఇచ్చే అంచనా ప్రతి నెలా మారుతుంది, పార్టుల గడువు నాలుగు నెలలు. ఈ రెంటి మధ్యా నలిగేది కాంట్రాక్టు కంపెనీయే.

2000వ సంవత్సరంలో ఆ నలుగుడు పరాకాష్ఠకు చేరింది. ఇంటర్నెట్ పరికరాలకు విపరీతమైన గిరాకీ. టాంటలమ్ కెపాసిటర్లు ఎక్కడా దొరకవు. దొరకవన్న భయంతో ఒక్కొక్కరూ కావలసినదానికి రెట్టింపు ఆర్డరు పెట్టారు. ఒకే టెలిఫోన్ కంపెనీ కొనబోయే సరుకును దానికి పరికరాలు అమ్మే నలుగురు పోటీదారులూ తమ అంచనాల్లో వేసుకున్నారు. ఆ నాలుగు అంచనాలూ వచ్చి పడింది మాత్రం సొలెక్ట్రాన్ లాంటి కంపెనీల బల్ల మీదే. కలిపి చూస్తే ప్రపంచం అంత కొనదని తెలుస్తుంది, కాని విడివిడిగా ఏ కస్టమర్‌కూ కాదనలేని పరిస్థితి. 2001లో మార్కెట్ కూలింది. సిస్కో ఒక్కటే రెండు వందల కోట్ల డాలర్లకు పైగా సరుకును లెక్కలోంచి కొట్టేసింది. సొలెక్ట్రాన్ గోదాముల్లో పేరుకున్నది నాలుగు వందల కోట్ల డాలర్లకు పైమాటే. రెసిస్టర్లయితే ఇంకో కస్టమర్ బోర్డుకు వాడుకోవచ్చు. ఒక కస్టమర్ కోసమే చేయించిన ఐసీ, ఆ బోర్డు ఆగిపోయాక గులకరాయితో సమానం.

ఆ ఏడాది అమ్మకాలు సుమారు 1,870 కోట్ల డాలర్లు. దాని చరిత్రలో అదే శిఖరం. తర్వాతి రెండేళ్లలో ఏడాదికి మూడు వందల కోట్ల డాలర్లకు పైగా నష్టం. అదే సమయంలో నాట్‌స్టీల్ ఎలక్ట్రానిక్స్, సీ-మాక్ లాంటి పెద్ద కొనుగోళ్ల బరువు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నాణ్యతలో అంత పేరు తెచ్చుకున్న కంపెనీ నాణ్యత వల్ల పడిపోలేదు. చివరి రోజు దాకా బోర్డులు బాగానే వచ్చాయి. పడగొట్టింది స్టోరు.

మిగిలిన చివరి ఏళ్లలో ఇంకో పెద్ద పని మీద పడింది. 2006 జులై 1 నుంచి యూరప్‌లో చాలా రకాల ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం ఉన్న టంకం నిషేధం. తగరం, వెండి, రాగి కలిసిన కొత్త మిశ్రమం కరిగేది 217 దగ్గర. ఓవెన్ శిఖరం 240 దాకా పోవాలి, పార్టులు ఓర్చుకునేది 260 దాకానే. ముందున్న వెసులుబాటు ఇరుకైపోయింది. పాత వేవ్ తొట్టెలు మామూలు స్టెయిన్‌లెస్ స్టీలువి, ఎక్కువ తగరం ఉన్న కొత్త టంకం ఆ స్టీలునే తినేసింది. టైటానియం భాగాలు వేయించుకోవాల్సి వచ్చింది. సీసం లైన్, సీసం లేని లైన్ అని నేల మీద రంగు గీతలు గీసి, సోల్డరింగ్ ఐరన్ మొనలు కూడా కలవకుండా విడివిడిగా పెట్టుకున్నారు.

2007లో ఫ్లెక్స్‌ట్రానిక్స్ 360 కోట్ల డాలర్లకు సొలెక్ట్రాన్‌ను కొనుక్కుంది. ఇంట్లో కూర్చుని బోర్డులు గుచ్చిన దంపతుల కంపెనీ, రెండు బాల్డ్రిజ్‌లు గెలిచిన కంపెనీని కలిపేసుకుంది. జిబ్రాల్టర్ డ్రైవ్ మీద బోర్డు మారింది.

మన వైపు ఈ పని పెద్ద ఎత్తున వచ్చింది 2015లో. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ లైన్ల మీద షావోమీ ఫోన్ల కూర్పు మొదలైంది. అక్కడ చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేశారు. ఫాక్స్‌కాన్ తైవాన్‌లో టీవీ చానెల్ తిప్పే ప్లాస్టిక్ గుబ్బలతో 1974లో మొదలైన కంపెనీ. శ్రీసిటీ లైన్ల మీద ఎక్కువమంది ఆడపిల్లలే, చుట్టుపక్కల పల్లెల నుంచి షిఫ్టు బస్సుల్లో వస్తారు. పెట్టె మీద వాళ్ల పేరూ ఉండదు, కట్టిన కంపెనీ పేరూ పెద్దగా కనబడదు. యంత్రాలు వేగంగా మారాయి, పార్టులు ఆవగింజ కంటే చిన్నవయ్యాయి. పొద్దుటి షిఫ్టు ఆరింటికి మొదలవ్వాలంటే మాత్రం రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు రెండింటికే ఫ్రిజ్ తెరిచి, పేస్టు డబ్బా తీసి బయట పెట్టి, చీటీ మీద టైము రాయాలి.